మే నెలలో గడ్డి కోయరాదు

గడ్డిపువ్వును గౌరవించని జాతికి భవిష్యత్తు లేదు! ఈ మహాసత్యాన్ని మా ఊరు లిటిల్ హార్కమ్ పూలతోటల సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. అధ్యక్షురాలు మిసెస్ క్రౌథర్ చదివారు, మిగతావాళ్ళు కేకులు నములుతూ చేతులెత్తారు. ఇక మే నెలంతా ఊళ్ళో ఎవరూ పచ్చిక కోయకూడదు. తేనెటీగలు సుఖపడాలి! ఎవరి పెరట్లో మొలిచిన పూలను వాళ్ళు ఫొటో తీసి పోటీకి పంపాలి.

అందరికంటే ముందు మిసెస్ క్రౌథర్ తన ఇంటిముందు బోర్డు పెట్టించారు: 'ఇక్కడ ప్రకృతి పని చేస్తోంది.' పాపం, ప్రకృతి ఏం చేస్తుంది! ఏళ్ళ తరబడి కలుపుమందు తాగిన నేల అది. బోర్డు వెనకాల ఒక్క పువ్వు తలెత్తితే ఒట్టు.

నా సంగతి వేరు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ధర్మసంస్థ ఇచ్చిన చిన్న ఇంట్లో ఉంటున్నాను. ఆ సంస్థకూ అధ్యక్షురాలు మిసెస్ క్రౌథరే. మా ఊళ్ళో పదవులెక్కువ, మనుషులు తక్కువ! కలుపుమందు కొనే స్తోమత లేక నా పెరట్లో బటర్‌కప్పులు, డైసీలు వంటి గడ్డిపూలు విరగబూశాయి.

ఒకరోజు పొద్దున్నే చూద్దును కదా, ఆవిడ నా కంచె సందులోంచి కెమెరా దూర్చి, బురదలో మోకాళ్ళమీద కూర్చుని ఉన్నారు! "ఆహా! ఏం అందం!" అంటూ టకటకా ఫొటోలు తీస్తున్నారు. నన్ను చూసి లేచి గౌను దులుపుకున్నారు.

"మిస్టర్ టాడ్, ఏమిటండీ ఈ అడవి?"

"మే నెల కదా మేడమ్, సంఘం తీర్మానం..."

"తీర్మానం సొంత ఇళ్ళవాళ్ళకండీ! సంస్థ ఇళ్ళలో పెరడు శుభ్రంగా ఉండాలి. పోటీ న్యాయనిర్ణేత ఊళ్ళోకి వస్తున్నారు. ఆలోగా కోసెయ్యండి. లేదంటే ఇల్లు ఖాళీ చేయించాల్సి వస్తుంది. నాకూ బాధగానే ఉంది సుమండీ."

ఇల్లు పోతే నాకు బస్‌స్టాపే గతి. పక్కింటి ఎడ్నాను కొడవలి అడిగాను.

"అయ్యో విల్ఫ్, నీకు చేతులెలా వస్తున్నాయయ్యా?" అంది.

"రావడం లేదు, ఎడ్నా. కానీ ఈ వయసులో నన్ను ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు చెప్పు?"

కోస్తుంటే ఏడుపొచ్చింది. అయినా మొత్తం కోసేశాను.

న్యాయనిర్ణేత వచ్చారు. మిసెస్ క్రౌథర్ ఫొటోకే మొదటి బహుమతి! అయితే కప్పు ఇచ్చేముందు ఆ పూలను కళ్ళారా చూడాలని పట్టుబట్టారాయన. నేను రేపూ మాపూ అంటూ బద్ధకించి ఇంకా కోసి ఉండనని ఆవిడకు గట్టి నమ్మకం. "సంస్థ స్థలమే లెండి, అంటే నాదే" అంటూ ఆయన్ను తిన్నగా నా కంచె దగ్గరికి తీసుకొచ్చారు.

పెరడు బోడిగుండులా ఉంది.

"నా పూలు!" అని ఆవిడ కెవ్వుమన్నారు. "ఎంత పని చేశాడండీ ఈ కసాయి!"

"మీరేగా మేడమ్ కొయ్యమన్నారు?" అన్నాను.

న్యాయనిర్ణేత ఆవిడవైపు తిరిగారు. "మీరే కొయ్యమన్నారా?"

"నేను కొయ్యమన్నది కలుపునండీ! పూలనా?"

"ఆ రెండూ ఒకటే కదా మేడమ్?" అన్నాను.

"ఎలా ఒకటవుతాయి? మీ పెరట్లో ఉన్నంతసేపూ కలుపు! నా ఫొటోలోకి వచ్చాక పువ్వు!"

న్యాయనిర్ణేత గంభీరంగా తలపంకించారు. "చాలా సూక్ష్మమైన దృష్టి" అని ఆవిడ చేతిలో కప్పు పెట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుని నావైపు తిరిగారు.

"ఇల్లు ఖాళీ చెయ్యండి మిస్టర్ టాడ్. పూలంటే గిట్టని మనిషికి మా సంస్థ నీడ ఇవ్వదు."