నల్ల ప్యానెల్‌కు పెట్టిన పరీక్ష

తెనాలిలో ఆ వీధివాళ్ళు మోటారు కొన్నా, మంచం కొన్నా ముందు బసవపున్నయ్యను అడగాల్సిందే. అడక్కపోతే ఆయనకు అన్నం సయించదు. అందుకే తన డాబా మీద సోలార్ ప్యానెళ్ళు నల్లవి వేయించాలా, నీలివి వేయించాలా అన్నది ఆ ఉదయం నలుగురి ముందూ తేల్చేయాలనుకున్నాడు.

సోలార్ షాపు నౌషాద్ రెండు రకాలూ ఒక్కొక్కటి తెచ్చి డాబా మీద ఎండలో పరిచాడు. తీగలు కిందికి లాగి, వరండాలో చెరో ఫ్యానుకు కలిపి, నందివెలుగులో పని చూసుకొస్తానని వెళ్ళాడు.

మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని బసవపున్నయ్య ఫ్యాన్ల ముందు కుర్చీ వేసుకున్నాడు. మొదట రెండూ బాగానే తిరిగాయి. కాసేపటికి నల్లదాని ఫ్యాను నీరసించి ఆగిపోయింది.

"చూశావా నరసింహం! నల్లది పైన పటారం, లోన లొటారం. నీలివి వేయించుకో, నా మాట విను."

ఎదురింటి నరసింహానికి గుండె జారిపోయింది. అతని డాబా మీద అప్పుడే నల్లవి బిగిస్తున్నారు. "ఆపండి బాబూ, దించేయండి!" అంటూ పరుగెత్తాడు. ఆ ఊపులో బసవపున్నయ్య బాపట్లలో ఉన్న వియ్యంకుడికి ఫోన్ కొట్టాడు.

"బావగారూ, మీ నల్లవి పీకించేయండి. పరీక్ష చేసి మరీ చెబుతున్నా!"

వియ్యంకుడి మాట ఎలా కాదంటాడు? ఆయనా మనుషుల్ని పిలిపించాడు.

నౌషాద్ తిరిగొచ్చి, ఆగిన ఫ్యాను చూసి డాబా ఎక్కాడు.

"పిన్నిగారూ! ఏంటండీ ఇది?" అని పైనుంచే కేకేశాడు.

నల్ల ప్యానెల్ మీద తడి పంచె, పంచె నిండా గుమ్మడి వడియాలు. బసవపున్నయ్య భార్య శివపార్వతి వంటింట్లోంచి తాపీగా వరండాలోకి వచ్చింది.

"రెండూ ముట్టుకుని చూశాను నౌషాదూ. నల్లది బాగా కాలుతోంది. త్వరగా ఎండుతాయని దానిమీద పెట్టా. మరక పడకుండా మీ బాబాయిగారి పంచె పరిచానులే."

బసవపున్నయ్య వీధిలోకి చూశాడు. ఎదురింటి డాబా మీంచి ఆఖరి ప్యానెల్ దిగుతోంది. "ఏదైతేనేం, మనకు నీలివే ఖాయం," అన్నాడు, ఉన్న పరువైనా దక్కుతుందని.

"అంతే కరెంటు రావాలంటే నీలివి ఎక్కువ పడతాయండి. డాబా అంతా నిండిపోద్ది," అన్నాడు నౌషాద్.

"మరి వడియాలు నా నెత్తి మీద పెట్టుకోనా? నల్లవే వేయి," అంది శివపార్వతి.

ఆ మాట విని నరసింహం దించినవన్నీ మళ్ళీ ఎక్కించాడు. బాపట్లకు ఫోన్ చేయడానికి మాత్రం బసవపున్నయ్యకు సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు. వీధిలో ఇక తన మాటకు విలువేముంటుందని కుమిలిపోయాడు.

మర్నాడు పక్కింటి కార్తీక్ ఫ్రిజ్ కొనాలని సలహా కోసం వచ్చాడు. బసవపున్నయ్య ప్రాణం లేచొచ్చి, తనే లేచి కుర్చీ జరిపాడు.

"కూర్చోను లెండి బాబాయిగారూ," అన్నాడు కార్తీక్. "పిన్నిగారు ఉన్నారా?"