పేర్లు తడవని ఈత కొలను

నీళ్లు లేకపోతే మనిషి బతకలేడని సైన్సు చెబుతుంది. శిలాఫలకం లేకపోతే అసలెందుకు బతకాలని మా నరసరావుపేట అడుగుతుంది. గుడి మెట్ల మీద, బస్టాండు బల్లల మీద, సత్రంలో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాసుకున్న ఊరు మాది. (ఫ్యాను తిరిగితే పేరు కనపడదు. అందుకే దాత వచ్చిన రోజు ఫ్యాను ఆపేస్తారు. ఆయన చెమటలు కక్కుతూ తన పేరు చదువుకుని, తృప్తిగా వెళ్లిపోతాడు.) ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఈత కొలను కట్టి ఏడాదైనా చుక్క నీళ్లు పోయలేదేమని కొందరు గిట్టనివాళ్లు అడుగుతున్నారు. కొలను సంఘం ప్రచార కార్యదర్శిగా జవాబు చెప్పే బాధ్యత నా మీద పడింది.

ఈ కొలను ఆలోచన మొదట రాఘవమ్మది. ఆమె బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్ముతుంది. కొన్నేళ్ల కిందట ఆమె మనవడు వెంకటసాయి సాగర్ కాలువలో దిగి మునిగిపోయాడు. వాడి చెల్లెలు సాత్వికకైనా ఈత నేర్పించాలని, అందుకు లోతు తెలిసిన నీళ్లు కావాలని ఆమె కనపడిన పెద్దమనిషినల్లా పట్టుకుని అడిగింది. అడగ్గా అడగ్గా పెద్దల మనసు కరిగి 'పల్నాడు ప్రజా ఈత కొలను సేవా సంఘం' పెట్టారు. ఇది లాభాపేక్ష లేని సంస్థ. పేరు మీద అపేక్ష సంగతి నిబంధనల్లో ఎక్కడా రాయలేదు.

మా అధ్యక్షులు త్రికోటేశ్వరరావు గారు బట్టల వ్యాపారి, దూరదృష్టి గలవారు. చందా ఎంతిచ్చినా సరే, కొలనులో ఒక టైలు మీద పేరు రాయిస్తామని ప్రకటించారు. పెద్ద చందాకు గోడల్లో పై వరుస, చిన్న చందాకు కింది వరుస. దాతల జాబితా కొండవీటి చాంతాడంత అయింది. పేర్లకు గోడలు చాలక కొలనును ఇంకో మూరెడు లోతు తవ్వించాం. (ఈతకు అంత లోతు అక్కర్లేదని ఇంజనీరు అన్నాడు. దాతలకు కావాలని చెప్పాం.) అందరికంటే ముందు చందా ఇచ్చిన రాఘవమ్మదే అందరికంటే చిన్న చందా. కాబట్టి 'వెంకటసాయి జ్ఞాపకార్థం' అన్న టైలుకు లోతు వైపు మూలన, అట్టడుగున చోటు దొరికింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కొబ్బరికాయ కొట్టాక ఇంజనీరు అమ్జద్ ట్యాంకరు పైపు లాక్కుంటూ వచ్చాడు.

"ఏందది?" అన్నారు అధ్యక్షులు.

"నీళ్లండి. పైదాకా నింపాలి గదా సార్."

"పైదాకా పోస్తే మా నాయన పేరు మునగదా?"

"అందరివీ మునుగుతాయండి. ఈత కొలను గదా."

ఈ కోణం అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. దాతలు కుర్చీల్లోంచి లేచారు. స్వర్గాన సుఖంగా ఉన్న మా తాతను తెచ్చి నీళ్లలో ముంచుతారా అని ఒకరు, మా నాయన పేరు మీద ఊరి పిల్లల కాళ్లు పడాలా అని ఇంకొకరు. (గుడి మెట్ల మీద పేర్లను ఊరంతా తొక్కుతోంది కదా అంటే, అక్కడ పుణ్యం వస్తుందన్నారు.) ట్యాంకరు వచ్చిన దారినే వెళ్లిపోయింది.

వెంటనే నీటిమట్టం ఉపసంఘం వేశాం. అది పలుమార్లు సమావేశమై, జీడిపప్పు పకోడీ తిని, తమ పేర్లు మునగడానికి అభ్యంతరం లేదని దాతలు రాసిస్తేనే నీళ్లు పోయాలని తేల్చింది. ఒక్కరూ రాసివ్వలేదు. పై వరుసవాడు ముందు సంతకం పెట్టాలని కిందివాడు, కిందివాడు మునగందే నా దాకా నీళ్లెలా వస్తాయని పైవాడు. ఈలోగా శిక్షణ ఆగకూడదు కదా! గట్టున బల్లలు వేసి, పిల్లల్ని బోర్లా పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పాం. సాత్వికకు ఫస్ట్ క్లాసులో సర్టిఫికెట్ వచ్చింది. "నీళ్లలో కూడా ఇంతేనా సార్?" అని ఆ పిల్ల అడిగింది. అది సిలబస్‌లో లేని ప్రశ్న.

ఆ తర్వాత కాలువకు నీళ్లు వదిలారు. రాఘవమ్మ నేరుగా సమావేశంలోకి వచ్చింది.

"ఏందయ్యా, మీ గుంటలో నీళ్లెప్పుడు పోస్తారు? కాలవ నిండుగా పోతా ఉంది. ఈత వచ్చినట్టు కాయితం ఇచ్చారుగా, ఆ పిల్ల నా మాట వినట్లా. దూకుతానంటంది."

"కంగారు పడితే ఎట్టా రాఘవమ్మక్కా? దాతల పరువు చూడొద్దా? నీ మటుకు నీకు అభ్యంతరం లేదా?" అన్నారు అధ్యక్షులు.

"వాడే మునిగిపోయాడు. ఇంక పేరు మునిగితే నాకేంది?"

హర్షధ్వానాల మధ్య ఉపసంఘం ఆమె వేలిముద్ర తీసుకుంది. ఏడాదిలో మాకు దొరికిన తొలి అంగీకారం అది. దాన్ని గౌరవిస్తూ, ఆమె టైలు మునిగేంత మేరకు నీళ్లు పోయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. అమ్జద్ లెక్క ప్రకారం రెండు బిందెలు సరిపోతాయి. బిందెలు ఆమే తెచ్చుకోవాలి.

ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి వెళ్లిపోయింది. మర్నాడు పిల్లకాలువ గట్టున కనిపించింది. పాత చీరను తాడులా మెలిపెట్టి, ఒక కొస సాత్విక నడుముకు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుంది. అమ్జద్ నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. (అనుమతి లేకుండా తడిసినందుకు ఆ పూట జీతం కోశాం.) "దిగవే, నేను పట్టుకునే ఉంటా" అంటోంది రాఘవమ్మ. సర్టిఫికెట్ ఉన్న పిల్ల మొదటి మునకకే కడుపునిండా నీళ్లు తాగింది. రోజూ అదే చీర, అదే కాలువ. ఇప్పుడు ఆ పిల్ల అవతలి గట్టు దాకా ఈదుతోంది.

మా వార్షిక నివేదికలో 'మన కొలను వల్ల ఈత నేర్చుకున్న పిల్లలు: ఒకరు' అని రాశాం, కింద దాతలందరి పేర్లూ వేశాం. ఆ చీర మీద ఎవరి పేరూ లేకపోవడం ఒక్కటే లోటని ఉపసంఘం అభిప్రాయపడింది.