మూయని కొటేషన్

గుణదలలో శౌరయ్య ఉంటున్న అపార్ట్‌మెంటులో ట్యాంకు పొంగి మెట్లన్నీ తడిసిపోయాయి. ఆ తడిలో అసోసియేషన్ ప్రెసిడెంటు భానుమూర్తిగారు కాలు జారి చతికిలబడ్డారు. మోటారు కట్టేయకుండా వదిలేసిందెవరని విచారణ మొదలైంది.

“నేనేనండీ, మర్చిపోయాను” అని ఎదురింటి రామకోటేశ్వరరావు శౌరయ్య చెవిలో అప్పటికే ఒప్పుకున్నాడు. అందరూ తననే అనుమానంగా చూస్తుంటే శౌరయ్యకు పంతం వచ్చింది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాసి నోటీసుబోర్డుకు అంటించాలని కూర్చున్నాడు.

“ఆయన మాటలు కొటేషన్లలో పెట్టండి. ముందు కామా” అంది భార్య తెరేసమ్మ. ఆవిడ ఇంగ్లీషు టీచరు.

“ఇరవయ్యేళ్లు ఇరిగేషన్ ఆఫీసులో ఫైళ్లు రాసినవాణ్ణి. నాకు ఆ ఈగకాళ్లు అక్కర్లేదు!”

బోర్డుమీదికి ఇలా ఎక్కింది: రామకోటేశ్వరరావు సెడ్ ఐ లెఫ్ట్ ద మోటార్ ఆన్. మై వైఫ్ ఈజ్ యాన్ ఇంగ్లీష్ టీచర్. వి నెవర్ లై.

భానుమూర్తిగారు నడుం పట్టుకుని వచ్చారు. “శభాష్ శౌరయ్యగారూ! తప్పు ఒప్పుకోడానికి గుండె కావాలండీ!”

“నేనేం ఒప్పుకున్నానండీ?”

“మోటారు మీరే వదిలేశారని రామకోటేశ్వరరావు చెప్పాడని రాశారుగా!”

శౌరయ్యకు తను పెట్టని కామా గుర్తొచ్చింది. భార్యకు తెలియకుండా పెన్ను జేబులో వేసుకుని కిందికి పరిగెత్తాడు. ‘సెడ్’ తర్వాత కామా పెట్టాడు. ‘ఐ’ ముందు కొటేషన్ తెరిచాడు. ఇంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. మూయకుండానే పారిపోయి వచ్చాడు.

పావుగంటలో రామకోటేశ్వరరావు భార్య పద్మావతమ్మ తలుపు బాదింది.

“తెరేసమ్మగారూ! మా ఆయనకి ఇంగ్లీషు టీచరు పెళ్లాం ఉందట! స్వయంగా చెప్పాడని బోర్డుకెక్కించారు!”

“పద్మా, నాకా భాషే సరిగా రాదే!” వెనకనుంచి రామకోటేశ్వరరావు మొత్తుకున్నాడు.

తెరేసమ్మ కిందికెళ్లి బోర్డు చదివింది. వెంట వచ్చిన మొగుడి జేబులో పెన్ను చూసింది. తన ఎర్రపెన్నుతో ‘ఆన్’ తర్వాత కొటేషన్ మూసింది.

“ఇక్కడిదాకా మీ ఆయన మాటలండీ. ఇక్కణ్ణించి మా ఆయన పెళ్లాం.”

పద్మావతమ్మ మళ్లీ చదువుకుని మొగుడివైపు తిరిగింది. “అయితే మోటారు వదిలేసింది నువ్వా?”

రామకోటేశ్వరరావు అక్కడే ఉన్న భానుమూర్తిగారి కాళ్లమీద పడినంత పని చేశాడు.

ఇంట్లోకొచ్చి శౌరయ్య గెలిచినవాడిలా సోఫాలో కూర్చోబోయాడు. తెరేసమ్మ తెల్లకాగితం చేతిలో పెట్టింది.

“పద్మావతమ్మగారికి క్షమాపణ రాయండి. నేను కామా పెట్టమన్నదీ, మీరు విననిదీ, అంతా రావాలి. ఎవరి మాట వాళ్ల లైనులో.”

శౌరయ్య బుద్ధిగా ‘తెరేసమ్మ సెడ్’ అని రాశాడు. కామా పెట్టాడు. కొటేషన్ తెరిచాడు. ఏమందో గుర్తు చేసుకుంటూ తలెత్తాడు.

“ముందు మూసెయ్యండి.”

మూశాడు. మధ్యలో వేలెడు జాగా వదిలి, పెన్ను ఆవిడ చేతికిచ్చాడు.