నేరేడ్‌మెట్ జలధారా విజయం

అప్పటికే యుద్ధం సగం చేజారింది.

సికింద్రాబాద్ మహాపట్టణాన, నేరేడ్‌మెట్ సీమలో, మధ్యాహ్న మార్తాండుడు డాబాలను పెనంలా కాలుస్తున్న ఘోరవేళ, గడియపెట్టిన స్నానాలగదిలో కమోడ్ సింహాసనాన్ని అధిష్ఠించి, స్వేదబిందువులు ముత్యాలై నుదుట మెరయగా, పిడికిళ్లు బిగించి, ఒకనాడు టేకు దుంగలను రెండుగా చీల్చిన వడ్రంగి కులతిలకుడు, రంపపు రణధీరుడు బ్రహ్మచారి కూర్చుని ఉన్నాడు.

లోపల జలాశయం నిండింది. గేట్లు తెరుచుకోవడం లేదు.

ఏడాదిగా ఇదే పోరు. దారిలో అడ్డమేదీ లేదు. తెరవమని ఆజ్ఞాపించాల్సిన నరమే నిద్రపోయింది. మందులు ఓడాయి. మూత్రానికి రబ్బరు గొట్టమే దిక్కైంది. చివరికి బేగంపేటలోని వైద్యశిరోమణి ఇంద్రజ ఆయన నడుము దిగువన, నరం పక్కకు సన్నటి తీగ పంపి, బెల్టుకు కట్టిన చిన్న పెట్టెకు కలిపింది. పెట్టె పంపే కరెంటు నరాన్ని తట్టి లేపుతుంది. ఈ పరీక్షలో నెగ్గితే పెట్టెను ఒంట్లోనే అమరుస్తారు. ఓడితే మళ్లీ గొట్టమే.

నిన్నటిదాకా ధార దివ్యంగా పారింది. ఇవాళ సాయంత్రమే తీర్పు. ఇవాళే ఆగిపోయింది!

"బాపూ, జెర జోరు పెట్టు!" తలుపవతల నుంచి కొడుకు హరికిషన్ రణభేరి మోగించాడు.

"పెట్టీ పెట్టీ పానం పోతుందిరా! నువ్వు జెర నోరు ముయ్యి!"

కోడలు కల్పలత అప్పటికే డాక్టరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"చీమలు పాకినట్టు అనిపిస్తోందా?" ఇంద్రజ అడిగింది.

"పొద్దుగాల పాకినయ్ డాక్టరమ్మా. పండుకొని లేచేసరికి బంద్," లోపలి నుంచి వీరుడు గర్జించాడు.

"పెట్టె మీద లైటు?"

అంగీ ఎత్తిన చప్పుడు. 

"ఆరిపోయింది."

"ఎవరైనా ఆపి ఉంటే ఫర్వాలేదు, ఆన్ చేయగానే వస్తే పరీక్ష నెగ్గినట్టే. దానంతటదే ఆగితే మాత్రం అది నమ్మదగింది కాదు, ఒంట్లో పెట్టలేను. నాకది తేలాలి."

కల్పలత చూపు బాణంలా భర్త మీద పడింది. "పొద్దుగాల ఆ పెట్టెను ఫొటో తీసింది నువ్వే గదా?"

"ఫొటో తీస్తే ఆగుతదానే? నేను ముట్టలే!"

అంతలో, ఈ మహాసంక్షోభం తనది కానట్టు, అత్తగారు ఎల్లమ్మ కొంగు దోపుకుని లేచింది. "బోరు ఏసి అరగంటాయె. మోటారుకు రెస్టు ఇయ్యకుంటే కాలిపోతది." టక్కుమని స్విచ్ ఆపింది.

కల్పలత కళ్లలో మెరుపు మెరిసింది. "మామయ్యా! పెట్టె బటన్ నొక్కుండ్రి! ఇప్పుడే!"

నొక్కాడు. క్షణం గడిచింది. మరో క్షణం. హరికిషన్ తలుపుకు చెవి ఆనించాడు. అప్పుడు, నడుము దిగువన చీమల చతురంగబలం కదలగా, నిద్రాణ నాడీరాజం ఉలిక్కిపడి లేవగా, ముందు ఒక చుక్క, వెంట సన్నని తీగ, ఆపై ఉప్పొంగిన ధార ఆసుపత్రివారిచ్చిన కొలత మగ్గులో జలజలా దూకింది.

"ఒస్తుంది! ఒస్తుందిరో!"

"శుభం," అంది ఇంద్రజ. "మరి పెట్టెను ఆపిందెవరు?"

ఎల్లమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "చెప్పకు బిడ్డా. మీ మామ బజార్ల నా ఇజ్జత్ తీస్తడు."

ఆ మాట లోపలికి వినబడనే వినబడింది; ధడాలున తలుపు తెరుచుకుంది. కుడిచేత నిండిన మగ్గును విజయకలశంలా ఎత్తి, ఎడమచేత లుంగీ పట్టుకుని, బ్రహ్మచారి ఫోను ముందు నిలిచాడు.

"రాసుకోండ్రి డాక్టరమ్మా! ఫ్యానుకు రెస్టు, మిక్సీకి రెస్టు, టీవీకి రెస్టు. నలభై ఏండ్ల సంది ఈ ఇంట్ల నాకొక్కనికే రెస్టు లేదు. నేను పండుకున్నంక ఈ పెట్టె వెచ్చగ తగిలి, కాలిపోతదని నా నరానికి సుత రెస్టు ఇచ్చింది ఎవలో కాదు, నా పెండ్లాం, ఎల్లమ్మ!"