పాత కంప్యూటర్‌కి స్పీడెందుకండీ!

స్లో కంప్యూటర్‌ని మించిన సంసార సుఖం ఈ లోకంలో ఇంకొకటి లేదు. నవ్వకండి. నేను అనుభవించి చెబుతున్నాను, పోగొట్టుకుని మరీ చెబుతున్నాను.

మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉందా? బటన్ నొక్కగానే ముసలాయన మంచం దిగుతున్నట్టు మూలుగుతుందా? తెర మీద చిన్న చక్రం గింగిరాలు తిరుగుతుంటే దవడకి చెయ్యి ఆనించుకుని దాని వంకే చూస్తూ కూర్చుంటున్నారా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరు. ఎవడో ఒకడు వచ్చి, పాత హార్డ్ డిస్క్ పీకేసి ఓ ఎస్సెస్డీ వేయించండి, రాకెట్‌లా దూసుకుపోతుంది అంటాడు. వాణ్ణి గుమ్మం దాటనివ్వకండి!

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు. నిదానమే ప్రధానం అని కూడా వాళ్ళే అన్నారు. ఆలస్యం అమృతం విషం అన్న పెద్దాయన కూడా ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయన ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి ఆయన మాట మనం పట్టించుకోనక్కర్లేదు.

నేను వారం వారం పత్రికకి ఇలాంటివి రాసుకుని బతుకుతుంటాను. నా కంప్యూటర్ మా అమ్మాయి కంటే వయసులో పెద్దది. అమ్మాయి కాలేజీకి వచ్చింది గానీ కంప్యూటర్ మాత్రం ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటూనే ఉంది. వేడెక్కి ఆగిపోతోందని సీపీయూ డబ్బాకి ఒక పక్క రేకు ఎప్పుడో ఊడదీశాం. ఎండాకాలంలో మా ఇంట్లో టేబుల్ ఫ్యాన్ గాలి మీద మొదటి హక్కు దానిదే. నాది తరవాత.

దానివల్ల నాకు జరిగిన మేలు ఒకటా రెండా! కాలమ్ ఆలస్యమైతే ఎడిటర్ గారు ఫోన్ చేసేవారు. "సిస్టమ్ హ్యాంగయింది సార్" అనేవాణ్ణి. పాపం, ఆయన అయ్యో అనేవారు. నిజానికి హ్యాంగయింది నా బుర్ర. కానీ బుర్ర హ్యాంగయిందంటే ఏ ఎడిటర్ అయినా అయ్యో అంటాడా? ఆ మాటకొస్తే కోపం కూడా తగ్గించేది ఆ యంత్రం. ఒకసారి ఒక పాఠకుడు నా రాతని చీల్చి చెండాడుతూ మెయిల్ పంపాడు. అతగాడి ఏడు తరాలూ దిగొచ్చేలా జవాబు కొట్టి పంపబోతే తెర బిగుసుకుపోయింది. మళ్ళీ ఆన్ చేసి, అది తేరుకునేసరికి, అతను రాసింది నిజమేనేమో అనిపించింది. చూశారా!

ఇవన్నీ ఒక ఎత్తు, పొద్దుటి పూట ఒక ఎత్తు.

లేవగానే బటన్ నొక్కేవాణ్ణి. డబ్బాలో ఫ్యాను గుర్రుమనేది. ఆ చప్పుడు చెవిన పడగానే మా ఆవిడ వంటింట్లోంచి రెండు కప్పుల టీ పట్టుకొచ్చి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. ఇక అది ఆన్ అయ్యేదాకా నేను చేయగలిగిన పని ఏముంది? కబుర్లు. మా ఇంట్లో ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఆ చక్రం తిరుగుతుండగానే జరిగాయి. అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి, హాలుకి ఏ రంగు వేయించాలి, అద్దె పెంచమని అడిగిన ఇంటాయనకి ఏం చెప్పాలి, అన్నీ అక్కడే. దంపతులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తాపీగా మాట్లాడుకునే ఇళ్ళు ఇప్పుడెన్ని ఉన్నాయండీ?

తొందరపాటు అనే మాటే ఉండేది కాదు. ఉదాహరణకి ఒకటి చెబుతాను. మా ఆవిడ పెళ్ళికి ముందు ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. రక్తపరీక్షలవీ చేసేది, చేతిలో మంచి పనుంది. మళ్ళీ ఉద్యోగంలో చేరాలని ఉందని అప్పుడప్పుడూ అనేది. నేను కాదనేవాణ్ణా? ఎంతమాట! ఇద్దరం కూలంకషంగా చర్చించుకునేవాళ్ళం. అమ్మాయి చిన్నది కదా అనేవాణ్ణి. అమ్మాయి పెద్దదయ్యాక, ఇప్పుడే కదా దాని మీద కన్నేసి ఉంచాల్సింది అనేవాణ్ణి. పక్క ఊరి ఆస్పత్రికి పోవాలంటే వానాకాలంలో రైళ్ళు లేటని, ఎండాకాలంలో రైళ్ళు కిక్కిరిసి ఉంటాయని, నీ మోకాలికి ఆ స్టేషన్ మెట్లు పడవని, ఆలోచించిన కొద్దీ ఒక్కొక్కటే తట్టేవి. తెర మీద ఐకాన్లు వచ్చేసరికి, వచ్చే ఏడాది చూద్దాంలే అని ఇద్దరం ఏకగ్రీవంగా తీర్మానించుకునేవాళ్ళం. ఆవిడ ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేది. ఎంత ప్రశాంతంగా జరిగిపోయేదో!

అలాంటి కాపురంలో ఒక రోజు మా ఆవిడ, "కంప్యూటర్ బాగు చేయించుకోకూడదూ?" అంది.

ఎందుకన్నాను.

"రోజూ దాన్ని తిట్టుకుంటూనే ఉన్నారు కదండీ. చూడలేకపోతున్నాను."

నిజమే, తిట్టుకునేవాణ్ణి. నలుగురిలో దాన్ని తిడితే నాకు బోలెడంత పని ఉన్నట్టు కనబడుతుంది కదా. నా నోరే నా మీదకి తెచ్చింది. కాదంటే ఎందుకో చెప్పాలి, చెబితే ఎడిటర్ గారి దాకా పోతుంది. సరేనన్నాను.

హార్డ్‌వేర్ అతన్ని ఆవిడే పిలిచింది. అతను డబ్బాకి మిగిలిన రేకులు కూడా విప్పి, లోపల పేరుకున్న దుమ్ము చూసి, "సార్, ఇందులో విత్తనాలు చల్లితే మొలకెత్తుతాయి" అన్నాడు. దుమ్ములోంచి మా అమ్మాయి చిన్నప్పటి రబ్బరు, నా చొక్కా గుండీ, ఒక ఎండిపోయిన బల్లి బయటపడ్డాయి. అతను పాత హార్డ్ డిస్క్ పీకి ఎస్సెస్డీ బిగించాడు, ర్యామ్ పెంచాడు. మా ఆవిడ అతని వెనకే నిలబడి, "ఇంతకన్నా స్పీడుది లేదా బాబూ?" అని అడిగింది. నా పని మీద ఆవిడకి ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను.

"రెప్ప వేసేలోపు ఆన్ అవుతుంది సార్" అన్నాడతను.

రెప్ప వేశాను. తెరిచేసరికి తెర వెలుగుతోంది, ఐకాన్లన్నీ బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. చప్పుడు లేదు, మూలుగు లేదు, చక్రం లేదు. తెల్లటి పేజీ తెరుచుకుంది, అందులో కర్సర్ టపటపా కొట్టుకుంటూ నా వంక చూస్తోంది. రాయి, రాయి అంటోంది. ఏం రాయను?

మర్నాడు మా ఆవిడ టీ తెచ్చి కూర్చునేసరికి నేను అప్పటికే పనిలో మునిగి ఉన్నాను. ఏదో చెబుతోంది. ఊఁ అన్నాను. ఇంకేదో చెప్పింది. ఊఁ అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, వినకుండా ఊఁ కొట్టేవాడు అందరికీ లోకువేనని అప్పటికి నాకు తెలియదు. మౌనం అర్ధాంగీకారం అయితే ఊఁ అనేది సంతకం పెట్టి రాసిచ్చిన పూర్తి అంగీకారం!

కొన్నాళ్ళకి హాల్లో ట్రెడ్‌మిల్ ప్రత్యక్షమైంది. మా వదిన ఇంట్లో చోటు లేదట, మన ఇంట్లో పెట్టుకోమని నేనే అన్నానట. ఇప్పుడు బట్టలన్నీ దాని మీదే ఆరుతున్నాయి. తరవాత బెడ్‌రూమ్‌కి వంకాయ రంగు కర్టెన్లు వచ్చాయి. ఆ గదిలో పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తోంది. ఇదేమిటంటే, "మీరే కదా ఊఁ అన్నారు" అన్నారు తల్లీకూతుళ్ళిద్దరూ ఏకకంఠంతో. మా అమ్మాయి డ్రమ్స్ క్లాసులో చేరింది. మెడలో గంటతో ఒక పిల్లి ఇంట్లో తిరుగుతుంటే పక్కింటి వాళ్ళదేమో అనుకుని తరమబోయాను. "నాన్నా! అది మనదే. పేరు కూడా నువ్వే ఓకే చేశావు" అంది అమ్మాయి. ఏం పేరు ఓకే చేశానో అడగడానికి మొహం చెల్లలేదు.

ఇక్కడితో ఆగితే ఈ వ్యాసం రాయను.

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. మామూలుగా అతను నాతో ముక్తసరిగా మాట్లాడతాడు. ఆ రోజు గొంతులో తేనె కారుతోంది.

"బావగారూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని మేం అపార్థం చేసుకున్నాం. మీ మనసు ఇంత పెద్దదని తెలియదు."

నాకూ తెలియదు. ఏమయిందన్నాను.

"అక్కని ఉద్యోగానికి పంపిస్తున్నారట కదా! సోమవారం చేరుతోందట కదా! ఇంట్లో అందరం మీ గురించే చెప్పుకుంటున్నాం."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతోంది. మీ తమ్ముడు ఉద్యోగం అంటున్నాడేమిటన్నాను.

"ఆ మధ్య చెప్పాను కదండీ" అంది కత్తిపీట మీంచి తల ఎత్తకుండా. "పక్క ఊరి ఆస్పత్రిలో ల్యాబ్‌కి మనిషి కావాలన్నారు, ఆరింటి రైలుకి పోయి సాయంత్రానికి వచ్చేస్తాను, పొద్దున మీ టీ మీరే పెట్టుకోవాలి, చేరమంటారా అని అడిగాను. ఊఁ అన్నారు. నమ్మకం కుదరక మళ్ళీ అడిగాను. మళ్ళీ ఊఁ అన్నారు."

ఆ పూట ఏం రాస్తున్నానో గుర్తు చేసుకున్నాను. కుటుంబాల్లో ఒకరి మాట ఒకరు వినే అలవాటు పోతోందని వాపోతూ కాలమ్ రాస్తున్నాను. చాలా బాగా వచ్చింది కూడా. ఉత్తరాలొచ్చాయి.

ఇప్పుడేం చెయ్యాలి? వద్దందామంటే అటువైపు వాళ్ళంతా నన్ను దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు. వినలేదందామంటే పరువు పోతుంది. తేలు కుట్టిన దొంగలా రెండు రోజులు తిరిగాను. మా అత్తగారు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు. "నా కూతురి చదువు మన్నైపోయిందనుకున్నాను నాయనా" అన్నారు. ఆ మాటకి నిజంగా సిగ్గేసింది. సిగ్గుతో పాటు, ఎలాగైనా ఈ గండం గట్టెక్కితే బాగుండునని కూడా అనిపించింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఆదివారం మధ్యాహ్నం ధైర్యం చేశాను. ఆవిడ హాల్లో నిలబడి తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. ఎప్పటిదో పాత కోటు, కాలరు దగ్గర కాస్త పసుపు పచ్చబడింది. దాన్ని తడిపి, రుద్ది, మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ పెట్టె ఆనిస్తోంది. ఆ మొహంలో అంత వెలుగు నేను చూసి చాలా కాలమైంది. అయినా నోరు ఊరుకుంటుందా?

"ఆ రోజు నువ్వు ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు నేను... సరిగ్గా వినలేదే" అన్నాను.

"తెలుసండీ."

"తెలుసా? తెలిసీ..."

"విన్నప్పుడల్లా వద్దన్నారు కదా" అంది కోటు చెయ్యి తిరగేస్తూ. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "ఆ డబ్బా తెరుచుకునేలోపు మీకు కావలసినన్ని వంకలు దొరికేవి. అడిగేది నేను, ఆలోచించుకునే టైము మీకు. ఎన్నాళ్ళని అడగను? అందుకే దాన్ని బాగు చేయించాను."

పాఠకులారా, అదీ సంగతి. వేగం వల్ల మనుషుల మధ్య మాటలు పోతున్నాయని ఇంతసేపూ మిమ్మల్ని నమ్మించబోయాను. నా బాధ అది కాదు. వద్దు అనడానికి నాకు టైము దొరకలేదు, అంతే. మీ ఇంట్లో ఆ టైము కావాలనుకునేవాళ్ళుంటే మాత్రం నా మాట విని పాత హార్డ్ డిస్క్‌ని కళ్ళకద్దుకుని కాపాడుకోండి.

ఆవిడ ఇస్త్రీ పెట్టె స్విచ్ తీసేసి కోటు హ్యాంగర్‌కి తగిలించింది.

"పొద్దున నన్ను స్టేషన్ దగ్గర దింపుతారా?" అంది.

దింపుతాననే అందామనుకున్నాను. ఒట్టు! కానీ ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

"దింపేవాణ్ణే గానీ, మన స్కూటర్ సంగతి తెలుసు కదా, పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ అవదు..."

"మెకానిక్‌కి ఇచ్చానండీ" అంది. "సాయంత్రానికి వచ్చేస్తుంది."