అంగుళాల కుర్చీ

కుర్చీ దింపించి, ఛైర్మన్ గదిలో వేయించి, మధ్యాహ్నానికల్లా ఆఫీసుకు తిరిగొచ్చి తీరిగ్గా టీ తాగాలి. ఆ శుక్రవారం పొద్దున ప్రవల్లిక వేసుకున్న పథకం ఇంతే. ఢిల్లీ ఆర్.కె. పురం నుంచి గుర్‌గావ్ దాకా బస్సులో నిలబడి వస్తున్నా ఆమెకు కాళ్లనొప్పి తెలియలేదు. ఇంటీరియర్ డిజైన్ కంపెనీలో చేరాక, కంప్యూటర్ మీద ఆమె సొంతంగా గీసిన మొదటి వస్తువు ఆ కుర్చీ.

అది ధింగ్రా సాబ్ కోసం. సిమెంటు వ్యాపారంలో ఆయన పేరు చెబితే ఎదుటివాళ్లు గొంతు తగ్గిస్తారు. మరుసటి రోజే గుర్‌గావ్‌లో ఆయన కొత్త భవనానికి ప్రారంభం. "ఆయన నోటివెంట 'అచ్ఛా' అని వచ్చిందా, నీ ఉద్యోగం పర్మనెంటు. రాలేదా, ఇంకో ఉద్యోగం చూసుకో" అని ఆమె బాస్ మల్లికార్జున ముందే చెప్పేశాడు.

ప్రవల్లిక గీసింది సెంటీమీటర్లలో. కూర్చునే ఎత్తు నలభై అయిదు, వీపు పైఅంచు నూటఇరవై. అయితే ఆమె కొత్తగా తెరిచిన ఫైలు అమెరికా అలవాటు కొద్దీ అంగుళాలతో మొదలైంది. సెట్టింగ్ మార్చడం ఆమె మరిచిపోయింది. 'కొలతలు అంగుళాల్లో' అని కంప్యూటర్ తనంతట తానే కాగితం అడుగున చిన్న అక్షరాల్లో అచ్చేసింది. ఆ కాగితమే చెక్కపని కార్ఖానాకు వెళ్లింది.

కార్ఖానా నడిపే ఇర్షాద్ ఊరికే ఏమీ మొదలుపెట్టలేదు. ఫోన్ చేశాడు.

"మేడమ్, సైజు పక్కా హై నా?"

"పక్కా భయ్యా! అంగుళం కూడా తగ్గడానికి వీల్లేదు."

వారం తర్వాత మళ్లీ చేశాడు. "టేకు చాలట్లేదు మేడమ్. ఇంకా తెప్పించాలి."

"తెప్పించండి. అది ధింగ్రా సాబ్ కుర్చీ. చూసినవాళ్లు నోరు తెరవాలి."

"అచ్ఛా, ధింగ్రా సాబ్‌దా!" అన్నాడు ఇర్షాద్. ఆ పేరు విన్నాక అతనికి అన్ని అనుమానాలూ తీరిపోయాయి.

చివరగా, టెంపో చాలదు, లారీ కావాలన్నాడు. ఆ కబురు మల్లికార్జున దాకా వెళ్లింది. అదే కార్ఖానాకు ఇచ్చిన హాలు సోఫాలు కూడా తయారైపోయాయనుకుని ఆయన సంబరంగా సరేనన్నాడు. సోఫాలు దగ్గరుండి దింపించుకోవడానికి శుక్రవారం తనే కారేసుకుని వచ్చాడు.

లారీ వచ్చింది. పదిమంది కూలీలు "జోర్ లగాకే!" అంటూ తాళ్లు పట్టి లాగారు. గోనెపట్టాలు జారిపోయాయి. అద్దాల హాలు మధ్యలో కుర్చీ లేచి నిలబడింది.

ప్రవల్లిక దగ్గరికి నడిచింది. కూర్చునే పలక ఆమె ఛాతీ ఎత్తున ఉంది. వీపు చివరికొస చూడాలంటే మెడ వెనక్కి వాల్చాల్సి వచ్చింది. తను గీసిన ప్రతి ఒంపూ, ప్రతి పువ్వూ చెక్కుచెదరకుండా ఉంది. ఉద్యోగం పోయిందని ఆమెకు అర్థమైంది. అయినా చూపు తిప్పుకోలేకపోయింది. ఇంత అందంగా గీశానా అనిపించింది.

"ఏవిటమ్మాయ్ ఇది?" మల్లికార్జున కుర్చీ కాలి దాకా వచ్చి తల పైకెత్తాడు. "మనిషి కూర్చునేదేనా?"

"సార్... అంగుళాలు... సెంటీమీటర్లు..."

"కప్పెట్టండి! ఎవరూ చూడకముందే కప్పెట్టండి!"

కూలీలు పట్టాలు అందుకునేలోగా తలుపు దగ్గర సెక్యూరిటీ వాళ్లు సెల్యూట్ కొట్టారు. రేపటి ఏర్పాట్లు చూడటానికి ధింగ్రా సాబే వచ్చేశాడు.

ఆయన కుర్చీ చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. దాని కాలిని చేత్తో తడిమాడు. తర్వాత, "నిచ్చెన" అన్నాడు.

బల్బులు బిగించే కుర్రాళ్ల దగ్గరున్న నిచ్చెన తెచ్చి వేశారు. అరవై దాటిన మనిషి, సూటుతో, మెట్టు మెట్టూ ఎక్కి కూర్చున్నాడు. బూట్లు గాల్లో వేలాడాయి. కాసేపటికి అవి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి.

"మా నాన్న కొట్లో కుర్చీ ఇలాగే ఉండేది" అన్నాడు ధింగ్రా సాబ్ హిందీలో. ఆ గొంతు ఎవరూ ఎరగనిది. "ఆయన లేనప్పుడు ఎక్కేవాణ్ని. నా కాళ్లు నేలకందేవి కావు. ఆ కుర్చీ అంత పెద్దదని చెబితే ఇంట్లో ఎవరూ నమ్మరు. ఇది మీకెలా తెలిసింది?"

ప్రవల్లిక నోరు తెరిచింది. మల్లికార్జున ఒక అడుగు ముందుకేశాడు. "అదేనండీ మా కాన్సెప్టు! ఎంత ఎదిగినా మనిషి చిన్నవాడే అని."

"అచ్ఛా" అన్నాడు ధింగ్రా సాబ్.

కుర్చీ హాల్లోనే ఉండిపోయింది. ప్రారంభానికొచ్చిన పెద్దలందరూ వరసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు నిచ్చెనెక్కి కాళ్లు ఊపి దిగారు. మరుసటి వారం ఓ పత్రిక విలేకరి వచ్చాడు. ఆ కొలత వెనక ఎన్ని నెలల ధ్యానం ఉందో మల్లికార్జున అతనికి అరగంట వివరించాడు. పక్కన కూర్చుని విన్న ప్రవల్లిక కూడా, చివరికొచ్చేసరికి నమ్మేసింది.