చిక్కులు రద్దయిన ఊరు

సమస్త జనులకు తెలియజేయడమేమనగా, ఆ ఊళ్లో ఆడవాళ్ల జుట్టు చిక్కుపడటం రద్దయింది.

దీర్ఘకేశ సంఘం వారు ఈ తీర్మానాన్ని చెక్క మీద ఎర్ర రంగుతో రాయించి, సందర్శకులకు జుట్టు విప్పి చూపించే ప్రదర్శనశాల గుమ్మానికి తగిలించారు. "మా యావ్ తెగ స్త్రీల జుట్టుకు చిక్కు అనునది తెలియదు. నడినెత్తిన పెట్టిన దువ్వెన ఒక్క దువ్వుకే చివరి దాకా జారును. పులిసిన బియ్యం కడుగు, కొండగాలి, పూర్వుల దీవెన ఇందుకు కారణములు." కింద సంఘం అధ్యక్షురాలు పాన్ షువేయింగ్ పేరు. ఆవిడ ఊరందరికీ పెద్దత్త. జిల్లా సాంస్కృతిక శాఖ నుంచి ఒక అధికారిణి రాబోతున్నదనీ, ఆమెకు నచ్చితే 'సహజ కేశ గ్రామం' అనే బిరుదు వస్తుందనీ పెద్దత్త అందరికీ చెప్పింది. బిరుదుకూ చిక్కుకూ పొత్తు కుదరదు కాబట్టి చిక్కును తీసేశారు.

ఆ రోజు నుంచి చిక్కులు అజ్ఞాతంలోకి వెళ్లిపోయాయి. ఆడవాళ్లు దువ్వెనలు పట్టుకుని పందుల కొట్టం వెనక చేరేవారు. ఎవరైనా తలుపు తడితే దువ్వెన ఊరగాయ జాడీలో దాక్కునేది. దిగువింటి కోడలు తలగుడ్డ విప్పడం మానేసి, తలనొప్పి అని చెప్పింది. అడిగినవాళ్లకూ అదే తలనొప్పి ఉండటంతో ఎవరూ మందు చెప్పలేదు.

లాన్‌చున్ అనే పిల్లకు మాత్రం దాచుకునే వీలు కూడా లేదు. ఆమె జుట్టు మోకాళ్లు దాటుతుంది, సాలెగూటి పోగంత సన్నం. పక్కింట్లో తుమ్మితే ఇక్కడ ముడి పడుతుంది. అసలే నలుగురిలో నోరు విప్పని పిల్ల. ఇప్పుడు జుట్టు విప్పడానికీ భయమే.

ఆ జుట్టును ఇన్నేళ్లూ కాపాడింది వాళ్ల నాయనమ్మ. ఆవిడ పద్ధతి చాలా చిన్నది. పడుకునేముందు వదులుగా జడ అల్లేస్తుంది. పొద్దున్నే అరచేతుల్లో రెండు చుక్కల నూనె రుద్దుకుని, జుట్టును మధ్యలో పిడికిట పట్టుకుని, చివర ఉన్న చిక్కును వేళ్లతో విడదీస్తుంది. తర్వాత పెద్ద పళ్ల చెక్క దువ్వెనతో ఒక్కో జానెడే పైకి ఎక్కుతుంది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా పని అయిపోతుంది. పిల్ల ఒక్కసారి కూడా 'అబ్బా' అనదు.

"నాది బద్ధకం ఒళ్లు. అందుకే కింద నుంచి దువ్వుతాను. ఓపికున్నవాళ్లు పై నుంచి దువ్వుతారు. ఒక చిక్కును పది చిక్కులు చేసుకుని, ఆ పదీ విప్పుకుంటూ కూర్చుంటారు," అనేది నాయనమ్మ. దువ్వెనకు వచ్చిన నాలుగు వెంట్రుకలను వేలికి చుట్టి సంచిలో దాచేది. ఆ ఊళ్లో రాలిన వెంట్రుకను కూడా పారెయ్యరు.

ఆ నెలలోనే లాన్‌చున్‌కు పద్దెనిమిదో ఏటి కత్తిరింపు. ఆడదాని జుట్టు మీద కత్తెర పడేది బతుకంతటిలో ఆ ఒక్కసారే. ఊరందరి ముందు నాయనమ్మ ఆఖరిసారిగా మనవరాలికి తల దువ్వి, జుట్టు కోసి, ఆ పాయను ఆమె చేతిలో పెడుతుంది. ఇక ఆ తర్వాత తన తల తనదే. లాన్‌చున్ ఆ రోజు కోసం చిన్నప్పటి నుంచీ ఎదురుచూస్తోంది. నాయనమ్మ చేతులు ఈ మధ్య వణకడం మొదలుపెట్టాయి కూడా.

పెద్దత్త ఆ వేడుకను అధికారిణి వచ్చే రోజుకు మార్చింది. దువ్వే పని కూడా తానే తీసుకుంది. సాధన చేద్దామని లాన్‌చున్‌ను పిలిపించి, నడినెత్తిన దువ్వెన పెట్టి ఒక్క లాగు లాగింది. దువ్వెన చెవి దాకా వచ్చి ఆగింది. పిల్ల మెడ మాత్రం దువ్వెనతో పాటు ఇంకాస్త ముందుకెళ్లింది.

"నీ జుట్టు తీర్మానానికి విరుద్ధంగా ఉందే," అంది పెద్దత్త.

"సన్నం కదా పెద్దత్తా... నాయనమ్మయితే కింద నుంచి..."

"కింద నుంచి దువ్వితే చిక్కు ఉన్నట్టు ఒప్పుకున్నట్టు కాదూ? ఊరి పరువు ముఖ్యమా, నీ నెత్తి ముఖ్యమా?"

చివరికి సంఘం ఇలా నిర్ణయించింది. లాన్‌చున్ కత్తిరింపు ఇంట్లో, తలుపులు మూసి, ఎవరినీ పిలవకుండా జరుపుకోవాలి. అధికారిణి ముందు పెద్దత్తే తన జుట్టు విప్పి చూపిస్తుంది. లాన్‌చున్ కడుగునీళ్ల బేసిను పట్టుకుని పక్కన నిలబడవచ్చు, తలగుడ్డ తియ్యకుండా. ఈ మాట విని నాయనమ్మ కత్తెర తీసి నూరడం మొదలుపెట్టింది.

అధికారిణి షెన్ మేడమ్ టోపీ పెట్టుకుని వచ్చింది. టీ ఆకును నూనెలో వేయించి కాచే నూనె టీ తాగింది, పాటలు విన్నది. పెద్దత్త వేదిక మీద కూర్చుని తల విప్పింది. మూడు పాయలు నేల మీదికి జారాయి. అందరూ ఆహా అన్నారు.

"ఇది తల మీద పెరుగుతున్న జుట్టు మేడమ్. ఇది పద్దెనిమిదో ఏట కోసిన పాయ. ఇక ఈ మూడోది, చూడండి ఎంత లావో. ఊళ్లో ఎవరికీ ఇంత లేదు. రోజూ దువ్వెనలోకి వచ్చిన వెంట్రుకలను పోగుచేసి కట్టింది," అంది పెద్దత్త గర్వంగా.

షెన్ మేడమ్ ఆ పాయను చేత్తో ఎత్తి చూసింది. గుమ్మం మీది చెక్కను ఇంకోసారి చదివింది. ఆమె ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలియక అడిగింది. "చిక్కే పడదు కదండీ. మరి దువ్వెనలోకి ఇంత జుట్టు ఎలా వచ్చింది?"

పెద్దత్త పూర్వుల దీవెన అనబోయి ఆగింది. బేసిను పట్టుకుని పక్కన నిలబడ్డ లాన్‌చున్‌కు, నోరు తెరిచింది తనేనని కాస్త ఆలస్యంగా తెలిసింది.

"వస్తుంది మేడమ్. పై నుంచి దువ్వితే వస్తుంది."

ముందుగా నవ్వింది దిగువింటి కోడలు. తర్వాత ఆ నవ్వు ఊరంతా పాకింది. తలనొప్పులన్నీ ఒక్కసారిగా తగ్గిపోయి తలగుడ్డలు ఊడొచ్చాయి. లోపల ఒక్కొక్కరి నెత్తి మీద ఒక్కొక్క పిచ్చుకగూడు. షెన్ మేడమ్ కాసేపు చూసి, మెల్లిగా తన టోపీ తీసింది. ఆమెదీ సన్నటి జుట్టే.

"అయితే ఎక్కడి నుంచి దువ్వాలమ్మాయ్?"

"చివర్నుంచి మేడమ్. మా నాయనమ్మ చూపిస్తుంది."

నాయనమ్మను పిలవడానికి ఎవరూ వెళ్లనక్కర్లేకపోయింది. కత్తెర ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఎప్పటి నుంచో వెనక వరసలోనే కూర్చుని ఉంది. వేదికెక్కి, మనవరాలి తలగుడ్డ తీసి, ఊరందరి ముందు చివర్నుంచి మొదలుపెట్టింది. చేతులు వణికినా దువ్వెన ఎక్కడా ఆగలేదు. జుట్టు కోసి, పాయ చేతిలో పెట్టేటప్పుడు మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఊరికి బిరుదు వచ్చింది. గుమ్మం మీదికి కొత్త చెక్క కూడా వచ్చింది. "చివరి నుంచి చిక్కు విప్పు ప్రాచీన కళ మా సంఘము కాపాడుకొనుచు వచ్చినది. సందర్శకుల ఆనందార్థము, ప్రదర్శనకు వచ్చు ప్రతి స్త్రీ జుట్టునందును చిక్కు ఉండవలెను." కింద పెద్దత్త పేరు అలాగే ఉంది.

ఆ మరుసటి వారం ప్రదర్శన కోసం ముందు వరసలో నిలబడిన లాన్‌చున్ జుట్టులోకి పెద్దత్త వేలు పెట్టింది. వేలు సులువుగా కింది దాకా జారిపోయింది.

"ఇదేంటే, ఒక్క చిక్కూ లేదు? సందర్శకుల బస్సు వచ్చే వేళయింది. నీ జుట్టు తీర్మానానికి విరుద్ధంగా ఉంది."

లాన్‌చున్ ఇంటికి పరుగెత్తి సంగతి చెప్పింది. నాయనమ్మ పొయ్యి ముందు నుంచి లేవనైనా లేవలేదు.

"దానికింత పరుగెందుకే? పక్కింటివాళ్లను ఒకసారి తుమ్మమను."